తువ్వాలు కింద ఓబులేసు

చచ్చాక ఏమవుతుందో మీకు తెలుసుకోవాలని లేదేమో గానీ, నాకుంది. అందుకే కాకినడిగాను. పిండాలు తింటూ ఇటూ అటూ తిరిగేది అదొక్కటే కదా! అది చెప్పిందే చెబుతున్నాను. అబద్ధమైతే ఆ పాపం దానిదే.

వైతరణికి అవతలి గట్టున సంత జరుగుతుందట. అచ్చం మన పశువుల సంతే. కాకపోతే కొనేవి పశువులు, అమ్ముడుపోయేది మనుషుల ఆత్మలు. నోరు తెరిపించి పళ్లు చూస్తాయి, నాలుగడుగులు నడిపించి చూస్తాయి. మొన్నో పందెంకోడి ఒక జూదగాణ్ణి కొనుక్కుని, అక్కడికక్కడే వాడి కాలికి కత్తి కట్టిందట! పొద్దుగూకేదాకా ఎవరూ కొననివాణ్ణి కాగే నూనెలో వేసేస్తారు. సంతకి పెద్ద యముడి దున్నపోతు. దళారీ ఇంకెవరు, నక్కే.

ఆ రోజు చివరికి ఓబులేసు అనే బక్క రైతు ఒక్కడే మిగిలాడు. గుంజకి కట్టేసి ఉన్నాడు, నూనె వాసన ముక్కుకి కొడుతోంది. అంతలో వాడి ముసలి బొల్లెద్దు వచ్చి ఎదురుగా నిలబడింది.

"వీడెందుకన్నా నీకు?" అంది కాకి. "ముల్లుకర్రతో పొడిచాడు కదా! పొడుస్తావా, తొక్కుతావా?"

"బేరం కానీ, చెబుతా," అంది ఎద్దు.

పగతో వచ్చినవాడు ధర చూసుకోడని నక్క లెక్క. "తువ్వాలు కింద మాట్లాడుకుందాం మామా," అంది.

చేతుల మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకోవడం మన సంతల్లోనూ ఉన్నదే. అక్కడ మాత్రం వేలికో జన్మ. కొన్నవాడు అన్ని జన్మలూ దళారీకి బండి లాగాలి.

"అందరికీ వినబడేలా చెప్పుకోరాదూ?" అంది దున్నపోతు.

"కుదరదు బాబాయ్. తువ్వాలు కింద ఏం జరిగినా బయటివాళ్లు అడక్కూడదు. ఇది నా కట్టుబాటు."

"సరే నీ ఇష్టం. బేరం తెగాక నోటితో చెప్పు."

నక్క తువ్వాలు కింద నాలుగు వేళ్లూ చాచింది. ఎద్దు మెల్లగా వాటి మీద గిట్ట పెట్టింది. తర్వాత కాస్త బరువు మోపింది.

"అబ్బా! ఏంటి మామా ఇది?"

"నాకు వేళ్లెక్కడివి అల్లుడూ? ఉన్నదాంతోనే నొక్కుతున్నా."

"సరే, మూడు! అమ్మో, రెండు! ఒకటి మామా, ఒక్కటే!"

ఎద్దు తాపీగా నెమరేస్తోంది.

"బాబాయ్! ఒక్కసారి తువ్వాలెత్తి చూడు బాబాయ్!" అని నక్క గోలపెట్టింది.

దున్నపోతు మొహం తిప్పుకుంది. "నేనెలా చూస్తానురా? నువ్వు పెట్టిన కట్టుబాటేగా!"

"ఊరికే తోలుకుపో మామా! నీకు పుణ్యముంటుంది!"

"ఊరికేనట. అందరూ విన్నారుగా? బేరం తెగింది," అని దున్నపోతు ఓబులేసు కట్టు విప్పింది.

కాకి ఇక ఆగలేకపోయింది. "ఇప్పుడైనా చెప్పన్నా, వీణ్ణేం చేస్తావు?"

"పొడిచాడు, నిజమే. ఇప్పటికీ మంటగానే ఉంది," అంది ఎద్దు. "కానీ నా జోడెద్దు చచ్చిపోయిన ఏడు, ఇంకోదాన్ని కొనే దారి లేక, కాడికి రెండో పక్క తన మెడే పెట్టాడు. ఆ పూట వీడంటే నాకు ఎంత ఇష్టం కలిగిందో! ముల్లుకర్ర వాళ్లావిడ పట్టుకుంది. మా ఇద్దర్నీ పొడిచింది."

ఓబులేసు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఎద్దుకి ఎడమ పక్కన నిలబడి మెడ వంచాడు.

"మరి ఆవిడొస్తేనో?" అడిగింది కాకి.

"ఆవిణ్ణీ కొనాలి. ఈలోగా దళారీ కాలు మానాలి," అంది ఎద్దు.

నక్క ఇంకా కుంటుతూనే ఉందట. తువ్వాలు కనబడితే చాలు, ఆమడ దూరం పారిపోతోందట.

చాటుబేరం పెట్టినవాడికి దెబ్బ తగిలినా చాటునే తగులుతుంది.