పిండొద్దమ్మ మడమ

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, కొబ్బరితోటల చివర, చెయ్యెత్తు గుడి ఒకటి ఉంది. లోపల విగ్రహం లేదు. నల్లరాతి మీద చిన్న మడమ గుర్తు మాత్రం కనిపిస్తుంది, వేళ్ళు లేవు. ఈ తల్లి పేరు పిండొద్దమ్మ. భక్తులు ఏటిలో మునిగి, తడిబట్టలు పిండకుండా వచ్చి, తాటాకు పందిరి నీడలో అవి ఆరేదాకా కూర్చోవాలి. జుట్టు ఆరబెట్టుకునే మిషన్లు తెచ్చే పట్నం ఆడవాళ్ళకు ఒక మాట: అమ్మకు తొందర లేదు, తొందర ఉన్నవాళ్ళు వేరే గుడికి వెళ్ళవచ్చు.

పూర్వం ఇక్కడ పెదమొగలంక అనే ఊరుండేది. ఒక కార్తీకంలో ఉప్పెన వచ్చి ఆ ఊరిని ఊడ్చుకుపోయింది. గవరమ్మ అనే ఇల్లాలికి ఒక్కగానొక్క కూతురు వరహాలు. పిల్ల నడక నేర్చిన నాడు పాదానికి పారాణి పూసి, తెల్లగుడ్డ మీద అద్దించి దాచుకుంది. ఉప్పెన పిల్లను తీసుకుపోయింది, శవమైనా దక్కనివ్వలేదు. గుడ్డ మాత్రం కూలిన దూలం కింద, బురదలో దొరికింది.

ఆడదాని చేతికి తడిగుడ్డ తగిలితే ఏం చేస్తుంది? పిండుతుంది. గవరమ్మా పిండింది. ఎర్రనీళ్ళు మోచేతుల దాకా కారాయి. విప్పి చూస్తే మడమ ఒక్కటే మిగిలింది.

"తల్లీ, నా బిడ్డకు పిండం పెట్టే రాత ఇవ్వలేదు. దాని పాదాన్ని పిండే చేతులు మాత్రం ఇచ్చావు" అని అమ్మవారిని తిట్టిపోసి, మిట్టమధ్యాహ్నం ఇసుకలోనే సొమ్మసిల్లింది. ఆ మైకంలో ఒక ఆడగొంతు, "మిగిలింది పిండొద్దు. నీడన ఆరనివ్వు" అని పలికింది.

లేచేసరికి, బతికినవాళ్ళు దొరికినవన్నీ ఎండలో పరుస్తున్నారు. ఊరి వంశావళులు చదివే భట్రాజు కూర్మయ్య, అతుక్కుపోయిన వంశావళి తాటాకుల్ని గోళ్ళతో విడదీస్తున్నాడు. విడిన ఆకు విడినట్టే ఎండకు చిట్లుతోంది. గవరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. పోయినవాళ్ళ పేర్లు ఇక ఇందులోనే ఉన్నాయనీ, కుళ్ళకముందే ఆరాలనీ ఆయన గోలపెట్టాడు.

"తొందరపడి నా పిల్ల వేళ్ళు పోగొట్టుకున్నాను రాజుగారూ. మీరు ఊరి వేళ్ళే తెంపుతారా?"

మంచినీళ్ళలో తేల్చి, బురద వదిలించి, పందిరి వేసి, ఆ నీడలో గవరమ్మ గుడ్డ పక్కనే పరిచి, ఆకులు వాటంతట అవి విడేదాకా అందరూ కాచుకున్నారు. చాలావరకు నిలిచాయి. కూర్మయ్య చదువుతుంటే తాతలు, తండ్రులు, కొడుకులు వరసగా వచ్చారు. వరహాలు రాలేదు. ఆడపిల్లల పేర్లు వంశావళికి ఎక్కవు మరి. అందరి ముత్తాతలనూ ఆరబెట్టిన మనిషికి తన బిడ్డ పేరు అందులో ఎక్కడా లేదు. రాయమంటే ఆయన ఆచారం కాదన్నాడు.

"ఉప్పెన ఆడా మగా చూసి తీసుకుపోయిందా?" అంది గవరమ్మ.

కూర్మయ్య తలదించుకొని గంటం అందుకున్నాడు.

కాలానికి ఆ గుడ్డ జీర్ణమైంది. అది ఆరిన చోటే రాతి మీద మడమ వెలసిందని పెద్దలు చెబుతారు.

నేటికీ కార్తీకంలో, నడక నేర్చిన ఆడపిల్లల పాదాలకు పారాణి పూసి ఇక్కడ గుడ్డ మీద మోపిస్తారు. మడమ మాత్రమే మోపాలి. వేళ్ళు వరహాలు వాటా. ఆ గుడ్డ ఉన్న ఇంట పోయినవారి గుర్తులు చెదరవని నమ్మకం. పోయినవారు తిరిగి వస్తారని మాత్రం అమ్మ ఎవరికీ మాటివ్వలేదు. గుడ్డలు ఆరుతుండగా పూజారి ఆడపిల్లల పేర్లే చదువుతాడు. పిలిచిన ప్రతి పేరుకూ ఆ పిల్ల తల్లి "ఉంది" అని పలుకుతుంది. మొదటి పేరు వరహాలు. దానికి పందిట్లో ఉన్న తల్లులందరూ పలుకుతారు.