ఎక్కిన జట్టు, దిగిన జట్టు

"మాట్లాడటానికి ఒక సందర్భం రావాలి కదా మాస్టారూ. అది వచ్చేదాకా ఆగడం తప్పంటారా?" అని వైజయంతి అడిగింది.

సదాశివం మాస్టారు ముప్పై ఏళ్ళు జిల్లా ఫుట్‌బాల్ లీగులో రిఫరీగా పనిచేసినవారు. పెద్దవయసులో ఆదివారం పొద్దున సికింద్రాబాదులో ఒక మైదానం పక్కన కొత్త రిఫరీలకు పాఠం చెప్పేవారు. ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక వైజయంతి ఒక్కతే ఆగింది. ఆమెకూ అక్కకూ మూడేళ్ళుగా మాటల్లేవు. అక్క కూతురికి ఎప్పుడో ఒకప్పుడు పెళ్ళి కుదురుతుంది, పిలుపు రాక తప్పదు, తాను వెళ్ళక తప్పదు, ఆ సందట్లో పలకరింపు దానంతటదే జరిగిపోతుంది అని ఆమె ఆశ. మాస్టారు గ్యాలరీ మెట్టు మీద కూర్చుని, తాను చూసిన సంగతి ఒకటి చెప్పారు.

లాలాగూడలో బాలనర్సు, ఇమ్మానుయేలు అని ఇద్దరు స్నేహితులుండేవారు. బాలనర్సు రైలు పెట్టెల కార్ఖానాలో వెల్డరు. ఇమ్మానుయేలు ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. సాయంత్రాలు ఇద్దరూ రెండో డివిజన్లో మిత్రమండలి అనే జట్టుకు ఆడేవారు. ఇమ్మానుయేలు కుడి అంచున పరుగెత్తి తలెత్తి చూడకుండా బంతి కొడితే, అది పడే చోట బాలనర్సు ఉండేవాడు. ఇరవై అయిదో ఏట మొదటి డివిజన్లోని శాంతినగర్ క్లబ్బు ఇద్దరినీ పిలిచింది. పోతే ఇద్దరం పోదాం, లేకపోతే ఇక్కడే ఉందాం అనుకున్నారు. మూడో రోజున ఆ క్లబ్బు నోటీసు బోర్డు మీద ఇమ్మానుయేలు పేరొక్కటే కనబడింది. ఆ సాయంత్రమే ఇమ్మానుయేలు ఇరానీ హోటలుకు వచ్చి, బాలనర్సు ఎదురుగా నిలబడి, ఏదో చెప్పబోయాడు. బాలనర్సు చాయ్ కప్పు కిందపెట్టకుండానే, "నువ్వెవరు?" అన్నాడు. అన్నది నలుగురిలో. ఇమ్మానుయేలు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. కోపం రెండో ఏటికే పోయిందని బాలనర్సు తర్వాతెప్పుడో మాస్టారితో చెప్పుకున్నాడు. తాను అన్న మాట మాత్రం పోలేదు. ఇమ్మానుయేలు తల్లి చనిపోయినప్పుడు, బాలనర్సు చిన్నప్పుడు ఆవిడ చేతి అన్నం తిన్నవాడే అయినా, సమాధుల తోట గేటు దాకా వెళ్ళి అక్కణ్ణుంచే తిరిగి వచ్చాడు. అది చూసి అతని భార్య పోశవ్వ ఊరుకోలేకపోయింది.

"నాలుగు సందులు దాటితే వాళ్ళిల్లు. పోయి పలకరిస్తే ఏం పోతది?"

"ఇంటికి పోలేనే. ఏ మొఖం పెట్టుకొని పోవాలె? గ్రౌండ్ల ఎదురుపడితే ఆట మొదలుగాకముందు చెయ్యి ఇయ్యాలె గద. ఆడ ఇస్త. వాడు సుత ఇయ్యక తప్పదు."

ఆ చెయ్యి కోసమే అతను ముప్పై నాలుగేళ్ళ వయసులో, మోకాలికి పట్టీ చుట్టుకుని, డ్యూటీ దిగి నేరుగా మైదానానికి వచ్చేవాడు. లీగు పద్ధతి ఏమంటే, రెండో డివిజన్లో ముందు నిలిచిన రెండు జట్లు పైకి ఎక్కుతాయి. మొదటి డివిజన్లో అడుగున మిగిలిన రెండు కిందికి దిగుతాయి. మిత్రమండలి ఏటేటా నాలుగో చోటో అయిదో చోటో ఆగిపోయేది. ఆ సంవత్సరం మాత్రం కెప్టెన్ బాలనర్సు ఎవరినీ ఆగనివ్వలేదు. వానలో ఆడారు, ఎండలో ఆడారు, పదిమందితో ఆడి కూడా ఒకసారి గెలిచారు. జట్టువాళ్ళు అతనికి మొదటి డివిజన్ పిచ్చి పట్టిందనుకున్నారు. చివరికి ఒక్క ఆట మిగిలింది. గెలిస్తే పైకి. డ్రా అయినా చాలదు.

ఆ ఆదివారం బూట్లు కట్టుకుంటుండగా జట్టులోని వాడొకడు సంబరంగా వచ్చి, "నర్సన్నా, విన్నవా? నిన్న శాంతినగరోళ్ళు ఓడిపోయిండ్రు. ఇగ కిందికే! నీ పగ తీరింది పో," అన్నాడు. లేసు పట్టుకున్న బాలనర్సు వేళ్ళు అక్కడే నిలిచిపోయాయి. వాళ్ళు దిగుతున్నారు. తాము గెలిస్తే ఎక్కుతారు. గెలవకపోతే, వచ్చే ఏడు రెండు జట్లూ ఒక్క డివిజన్లోనే ఉంటాయి. ఒకసారి కాదు, రెండుసార్లు ఎదురుపడతాయి.

ఆ ఆటకు రిఫరీ సదాశివం మాస్టారే. వాళ్ళిద్దరి సంగతి లీగులో తెలియనివారు లేరు గనుక ఆయనకూ తెలుసు. ఎనభై ఆరు నిమిషాలదాకా గోలు పడలేదు. అప్పుడు అవతలి జట్టు బ్యాక్ ఆటగాడు గోలు ముందున్న పెనాల్టీ పెట్టెలో మిత్రమండలి ఆటగాణ్ణి పడేశాడు. మాస్టారు పెనాల్టీ చుక్క చూపించారు. మిత్రమండలిలో పెనాల్టీలు కొట్టేది బాలనర్సే. బంతి పెట్టాడు, నాలుగడుగులు వెనక్కి వేశాడు. మాస్టారు విజిల్ వేశారు. అతను కదలలేదు.

"బాలనర్సూ, విజిల్ వేశాను," అన్నారు మాస్టారు.

"విన్న సార్."

అని, బంతిని కాక, వెనక్కి తిరిగి తమ గోలు వైపు చూశాడు. అక్కడ మిత్రమండలి గోలీ లచ్చుమయ్య, నలభై ఒకటో ఏట ఉన్న బస్సు కండక్టరు, ఇటు చూసే ధైర్యం లేక, వలవైపు తిరిగి గొంతుక్కూర్చుని ఉన్నాడు. పదహారేళ్ళుగా ఆ జట్టుకే ఆడుతున్నవాడు, ఒక్కసారి కూడా మొదటి డివిజన్ మొహం చూడనివాడు. బాలనర్సు ఆ వీపును కాసేపు చూశాడు. తర్వాత తిరిగి, పరుగెత్తి, ఎడమ మూలకు కొట్టాడు. అవతలి గోలీ చెయ్యి అందలేదు.

అతన్ని భుజాల మీద ఎత్తుకుని మైదానం చుట్టూ తిప్పారు. లచ్చుమయ్య అతని కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. కిందికి దించాక, ఆట కాగితం మీద కెప్టెన్ సంతకం పెట్టడానికి మాస్టారి దగ్గరికి వచ్చాడు. పెన్ను పట్టుకుని ఎంతకీ పెట్టలేదు.

"మేం ఎక్కినం సార్. వాళ్ళు దిగిండ్రు," అన్నాడు. మాస్టారు సంతకం చోటు వేలితో చూపించారు.

మరుసటి ఏడు ఇంకా చిత్రం జరిగింది. కింద శాంతినగర్ క్లబ్బు ప్రాణం పెట్టి ఆడింది. కడుపులో నొప్పి దాచుకుని కూడా ఇమ్మానుయేలు ఒక్క ఆట మానలేదని చూసినవాళ్ళు చెప్పుకున్నారు. వాళ్ళు పైకి ఎక్కారు. పైన నిలవలేక ఆ ఏడే మిత్రమండలి దిగిపోయింది. మెట్ల దగ్గరైనా ఎక్కేవాడూ దిగేవాడూ ఒకరినొకరు రాసుకుని పోతారు. లీగులో అదీ లేదు.

ఆ వేసవిలో ఇమ్మానుయేలుకు కర్నూలులో ఉద్యోగం దొరికింది. సామాను లారీకి ఎక్కిస్తున్నారని తెలిసి బాలనర్సు కార్ఖానాలో గంట సెలవు పెట్టి, నడిచి, ఆ వీధి మొగదాకా వెళ్ళాడు. అక్కడ నిలబడ్డాడు. లారీ అతని పక్కనుంచే పోయింది. ముందు సీట్లో కూర్చున్న ఇమ్మానుయేలు అతన్ని చూసి చెయ్యి ఎత్తాడు. అన్నేళ్ళూ ఎదురుచూసినది కళ్ళముందుకు వచ్చేసరికి బాలనర్సుకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తన చెయ్యి లేచేసరికి లారీ మలుపు తిరిగిపోయింది. ఎత్తిన చెయ్యి దించడం మరిచి ఎంతసేపు నిలబడ్డాడో తనకే తెలియదన్నాడు, ఇదంతా మాస్టారికి చెప్పిన రోజున.

వైజయంతి మెట్టు మీది ఇసుకను వేలితో ఒక పక్కకు నెట్టింది.

"అయితే ఆ పెనాల్టీ బయటికి కొట్టి ఉండాల్సిందా మాస్టారూ?"

"గోలు కొట్టాల్సిందేనమ్మా. అది అతనొక్కడిది కాదు," అన్నారు మాస్టారు. లేచి నిలబడి, చేతులు దులుపుకున్నారు.

"మన ఆటకు పదిహేడు నియమాలు. మొదలుపెట్టేముందు చేతులు కలిపి తీరాలని వాటిలో ఎక్కడా రాసిలేదు."