బండెక్కిన యూనివర్సిటీ

మా అడవిలో చదువుకి లోటా? ఛ, ఎంత మాట! పదకొండు గుట్టల మీద పదకొండు సేవా కేంద్రాలు. ఒక్కో కేంద్రానికి ఒక్కో పాక, దారి మలుపులో నిలువెత్తు బోర్డు, బోర్డు మీద యూనివర్సిటీ పేరుకంటే పెద్దక్షరాల్లో రిజిస్ట్రారు నక్క జంబులింగంగారి పేరు. లోపల ఏముందని మాత్రం అడక్కండి. బోర్డుంది, చాలదూ?

ఈ యూనివర్సిటీలోనే కర్రెద్దు ముసలితనంలో సేద్యపు చదువు చదివి పాసయ్యాడు. పట్టా చూపిస్తే కోడెలకి దుక్కి నేర్పే పంతులు ఉద్యోగం. లేకపోతే రేపటి సంతలో పలుపు కటికవాడి చేతికి. పట్టా రాసే ఉంది, ముద్ర పడటమే తరువాయి. ఆ ముద్ర కోసం నెల్లాళ్లుగా తిరుగుతున్నాడు పాపం. వాగు కేంద్రానికి వెళ్తే తాళం. గట్టు కేంద్రానికి వెళ్తే, "వాగు కేంద్రంలో అడుగుము" అని తలుపు మీద కాగితం.

చివరికి నక్కనే పట్టుకున్నాడు. "అయ్యా, గిట్టలు అరిగిపోయాయి. రేపే సంత."

"అయ్యో కర్రెన్నా, ముందే చెప్పకూడదూ!" అన్నాడు జంబులింగం. "ఇవాళ ఏనుగమ్మగారు తనిఖీకి వస్తున్నారు. బండి కట్టి ఒక్క చిన్న సాయం చెయ్యి, సాయంత్రానికి ముద్ర నీదే."

చిన్న సాయమట! యూనివర్సిటీ మొత్తానికీ ఉన్నది బల్ల ఒకటి, బీరువా ఒకటి, గుమాస్తా తాబేలు ఒకడు, వాడి చంకలో ముద్ర ఒకటి. ఏనుగమ్మ ఒక కేంద్రం చూసి విందు ఆరగిస్తుండగా వీటన్నిటినీ బండికెత్తి, అడ్డదారిన తర్వాతి కేంద్రంలో సర్దాలి.

మొదటి కేంద్రంలోకి ఏనుగమ్మ చెరకు నములుతూ వచ్చింది. పిప్పి ఎక్కడ ఉమ్మాలో తెలీక, ఎవరూ చూడకుండా బల్ల సొరుగులో ఉమ్మి, "భేష్" అంది. రెండో దాంట్లో గుమ్మంలోంచే భేష్. మూడో దాంట్లో తాబేలుని చూసి ఆగింది.

"ఈ గుమాస్తాని ఎక్కడో చూసినట్టుందే?"

"ఒకే కాన్పులో పదకొండుమంది అన్నదమ్ములండీ. అందరికీ మన దగ్గరే ఉద్యోగం," అన్నాడు నక్క తడుముకోకుండా.

నాలుగో గుట్టకి వెళ్తూ ఎద్దు వెనక్కి తిరిగాడు. "గుమాస్తాగారూ, ముద్ర మీ చంకలోనే ఉంది, పట్టా నా మెడకే ఉంది. ఒక్క గుద్దు గుద్దెయ్యరాదూ?"

"రూలొప్పుకోదు. బోర్డున్న చోటే ముద్ర."

"సరే, సాయంత్రం?"

"సాయంత్రమేంటి? తనిఖీ కాగానే నెల్లాళ్లు సెలవులు. అయ్యగారు చెప్పలేదా?"

కర్రెన్నకి ఒళ్లు మండిపోయింది. నెల్లాళ్లు తిప్పింది చాలక, ఆఖరి రోజున కూడా చాకిరీ చేయించుకుంటాడా వీడు! మలుపులో బండి ఆపేశాడు. అక్కడి బోర్డుని కొమ్ములతో పెకిలించి బండి మీద నిలబెట్టాడు.

"ఇదిగో బోర్డు. ఇక గుద్దు!"

తాబేలు బోర్డుని రెండుసార్లు చదివాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. గుద్దాడు.

కర్రెన్న కళ్లనీళ్లు తుడుచుకుని, అడవంతా వినబడేలా రంకె వేశాడు. "ముద్రలు కావలసినవాళ్లంతా రండర్రా! యూనివర్సిటీ దొరికింది!"

మేకలొచ్చాయి, ముళ్లపందులొచ్చాయి, మూడేళ్లుగా కాగితం నోట కరుచుకుని తిరుగుతున్న గేదె పరిగెత్తుకొచ్చింది.

అవతలి దారిన నాలుగో పాకలో అడుగుపెట్టిన ఏనుగమ్మకి, మూల గుడ్లు పొదుగుతున్న కోడి తప్ప ఏమీ కనబడలేదు.

"ఈవిడెవరు?"

"పరిశోధక విద్యార్థినండీ. కదిలించకూడదు."

ఇంతలో మలుపులోంచి గోల వినబడింది. ఏనుగమ్మ చరచరా వెళ్లి, బల్ల చూసి, సొరుగు లాగింది.

"జంబులింగంగారూ, ఈ పిప్పి నాదే. సిగ్గులేక మొదటి గుట్ట మీద ఉమ్మాను. దీనికి కూడా పదకొండుమంది అన్నదమ్ములా?"

నక్క తోకతో సొరుగు మూయబోయాడు.

"పాకలన్నీ పీకించెయ్యండి," అంది ఏనుగమ్మ. "ఇకనించి ఈ బండే సేవా కేంద్రం. రోజూ అన్ని గుట్టలూ తిరగాలి."

"చిత్తం. కానీ కర్రెన్న పంతులుగా వెళ్లిపోతున్నాడు కదండీ, మరి లాగేదెవరు?" అన్నాడు నక్క తెలివిగా.

ఏనుగమ్మ కాడి వైపు చూసింది, తర్వాత నక్క మెడ వైపు చూసింది.

మొన్న బండి లాగి లాగి నడుం పట్టేసి, జంబులింగంగారు ఒకపూట సెలవు చీటీ రాసుకుని ముద్ర వెయ్యమన్నారు. బండిలోంచి తాబేలు తాపీగా జవాబిచ్చాడు: "అవతలి గుట్టలో అడగండి."

పని జరిగిన చోటే ఆఫీసు, మిగతాదంతా బోర్డే.