బావమరిది గారి తెర ప్రవేశం

పొన్నగిరి రాజు అచ్యుతరాజు గారికి నాటకమంటే ప్రాణం. ఆయన బావమరిది సర్వారాయుడు గారికి నాటకంలో తన గొంతు వినిపించడమంటే ప్రాణం. ఇద్దరూ కూర్చునేది ఒకే నాటకశాలలో. వచ్చిన తంటా అంతా అదే.

సర్వారాయుడు గారు ఆట మొదలయ్యాక గాని వచ్చేవారు కారు. ముందే వస్తే ఎవరు చూస్తారు? నలుగురి కాళ్ళు తొక్కుకుంటూ మొదటి వరసకు చేరి, వెండి తాంబూలప్పెట్టె టప్పున మూసి, "ఎందాకా వచ్చింది కథ?" అని అడిగేవారు. ఎవరూ చెప్పకపోయినా నష్టం లేదు, మిగతా కథ ఆయనే చెప్పేసేవారు. పక్కనున్న పెద్దమనుషులు ఇకిలించేవారు. రాణిగారి తమ్ముడు గదా, ఇకిలించక ఏం చేస్తారు!

ఒకరోజు మరీ దారుణం జరిగింది. తప్పిపోయిన బిడ్డ కోసం రాణి వేషం గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది. సభలో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకుంటున్నారు. అప్పుడు లేచాడు మహానుభావుడు.

"ఏడవకండమ్మా! పిల్లవాడు బతికే ఉన్నాడు. చివర్లో వస్తాడు. ఈ ఆట నేనిదివరకే చూశాను!"

ఆట ఆడుతున్న మేళానికి పెద్ద దశరథయ్య. ఆయన చేతిలో తాళాలు ఆగిపోయాయి. ఆటా ఆగిపోయింది.

"రేపొక్కరోజు చూస్తాం ప్రభూ," అన్నాడు దశరథయ్య. "రేపూ ఇదే వరసైతే మా మేళం మళ్ళీ ఈ గడప తొక్కదు. ఇంకో మేళాన్నీ తొక్కనివ్వం."

రాజుగారికి ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారగానే కొలువులో, "మా బావమరిది నోరు ఒక్క ఆటసేపు మూయించగలవాడు ఎవడైనా ఉన్నాడా?" అని అడిగారు. మంత్రి పైకప్పు చూశాడు. సేనాపతి కాలి గోళ్ళు చూసుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా రాజుగారి వెనక నిలబడి వింజామర వీస్తున్న గవరయ్యకు ఒళ్ళు మండింది. ఇంతమంది మీసాల రాయుళ్ళకు ఒక్క నోరంటే ఇంత భయమా!

"నేను మూయిస్తాను ప్రభూ," అన్నాడు.

"మాట్లాడొద్దని ఆయనతో అనకూడదు. బయటికి పంపకూడదు. రాణిగారు ఊరుకోరు."

"చిత్తం."

"గెలిస్తే అడిగింది ఇస్తాను. ఓడిపోయావో, రేపటి నుంచి బతికున్నన్నాళ్ళూ ఆయన వెనకే నిలబడి విసరాలి."

గవరయ్య లెక్క వేసుకున్నాడు. ఆ వాగుడు జీవితాంతం చెవి పక్కనే! అంతకన్నా కొరడా దెబ్బలు నయం. అయినా ఒప్పుకున్నాడు. తిన్నగా మేళం బసకు వెళ్ళి, దశరథయ్య చెవిలో ఏదో ఊదాడు.

మేళంలో ఒక ఆచారం ఉంది. ఏ వేషమూ ఊరికే వచ్చి రంగం మీద నిలబడదు. ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పట్టుకుంటారు. వెనక నుంచి గొంతు వినబడగానే మేళం పెద్ద, "ఎవరయ్యా తమరు?" అని అడుగుతాడు. వచ్చిన వేషం పేరూ ఊరూ చెప్పుకోవాలి, తెర తీయగానే పాడి ఆడాలి. ఎంత పెద్ద వేషమైనా అంతే.

మధ్యాహ్నం అదే ఆట మళ్ళీ మొదలైంది. సర్వారాయుడు గారు ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చి, కాళ్ళు తొక్కి, పెట్టె మూశారు. రాణి వేషం బిడ్డ కోసం ఏడుపు ఎత్తుకుంది.

"నిన్న చెప్పాను గదా, వాడు బతికే..."

మాట పూర్తి కాలేదు. తెర పట్టేవాళ్ళిద్దరూ పరుగున దిగి, సరిగ్గా ఆయన ముందు తెర పట్టారు. మద్దెల మోగింది. దశరథయ్య చేతులు జోడించాడు.

"ఎవరయ్యా తమరు? ఏ ఊరు తమది?"

సర్వారాయుడు గారు ఉబ్బిపోయారు. ఇన్నాళ్ళకు తన గొప్ప తెలిసిందన్నమాట! తెర వెనక లేచి నిలబడి, గొంతు సవరించుకుని, పేరూ ఊరూ, తాతల బిరుదులూ ఏకరువు పెట్టారు. బిరుదులు అయిపోగానే తెర తొలగింది. సభ మొత్తం ఆయన్నే చూస్తోంది.

"ఇక ఒక పాట, నాలుగు అడుగులు. కానివ్వండి బాబూ," అన్నాడు దశరథయ్య.

సర్వారాయుడు గారి బుగ్గన తాంబూలం బుగ్గనే ఉండిపోయింది.

"నేను ఆడేదేమిటి? నేను వేషగాణ్ణి కాను! చూడ్డానికి వచ్చినవాణ్ణి!"

రాజుగారి వెనక నుంచి గవరయ్య ఎంతో వినయంగా అన్నాడు:

"చూడ్డానికి వచ్చినవారికి కళ్ళతోనే గదా బాబూ పని! ఇన్నాళ్ళూ నోరే వినిపిస్తుంటే, తమరూ ఒక వేషమే అనుకున్నారు పాపం మేళంవాళ్ళు."

అందరి చూపులూ రాణిగారి మీదే. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదిలాయి. ఇక ఆగలేక పక్కున నవ్వేశారు. ఆ తర్వాత నవ్వడానికి రాజుగారు కూడా భయపడలేదు. నాటకశాల దద్దరిల్లిపోయింది.

ఆట మళ్ళీ మొదలైంది. సర్వారాయుడు గారు ఒక్కసారి పెదవి కదిపారు. తెరవాళ్ళు లేచారు. పెదవి మూతపడింది. రాణి వేషం కరువుతీరా ఏడ్చింది, సభా ఏడ్చింది. చివర్లో బిడ్డ దొరికినప్పుడు జనం ఆనందంతో పెట్టిన కేకలకు దశరథయ్య కళ్ళు చెమర్చాయి.

"వచ్చే పండక్కీ మేమే వస్తాం ప్రభూ," అన్నాడు.

రాజుగారు చేతి కంకణం తీసి గవరయ్యకు తొడిగారు. "ఇంకేం కావాలో అడుగు."

"ఇరవై ఏళ్ళుగా ఏ ఆటా కూర్చుని చూడలేదు ప్రభూ."

"రేపటి నుంచి మొదటి వరసలో కూర్చో!"

రాణిగారు కళ్ళు తుడుచుకుంటూ అందుకున్నారు.

"కూర్చో గవరయ్యా. కానీ ఆట మధ్యలో నువ్వు నోరు విప్పినా సరే, తెర నీ ముందుకే వస్తుంది!"