పొలుసమ్మ ఏరిన ఎంగిలి సీసాలు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త సింగారమ్మ. ఆమె తునికాకు కోతకు అడవికి వెళ్లేది. ఆమె ఆకు కట్టలు కడుతూ చెప్పింది, నేను ఆకు అందిస్తూ విన్నాను. మా నడుమ ఇంకెవరూ లేరు. ఆమె ఎలా చెప్పిందో అలాగే చెబుతాను. ఒక్క సీసా ఎక్కువ చెప్పను, ఒక్క సీసా తక్కువ చెప్పను.

తునికిమెట్ట అని ఒక అడవి ఉంది. ఆ అడవిలో ఎలుగుబంటి, ముళ్లపంది, దుప్పులు, కుందేళ్లు, కాకులు, అలుగు ఉండేవి. ఎలుగుబంటి పేరు జంబయ్య. ముళ్లపంది పేరు ముళ్లయ్య. అలుగు పేరు పొలుసమ్మ.

అలుగును మీలో చాలామంది చూసి ఉండరు. దాని ఒళ్లంతా చేపకున్నట్టు పొలుసులుంటాయి, కానీ గోళ్లలా గట్టిగా ఉంటాయి. పుట్టలు తవ్వి చెదలు తింటుంది. బిడ్డను తోక మీద ఎక్కించుకుని తిరుగుతుంది. పొలుసమ్మ తోక మీద కూడా ఒక బిడ్డ ఉండేది.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. తెలియని వస్తువు ఏదైనా అడవిలోకి వస్తే, దాన్ని ముందు ముట్టుకున్నవాళ్లు అది ఎందుకు పనికొస్తుందో చెప్పాలి. మిగిలినవాళ్లు ఆ మాట వినాలి. ఎదురు అడగకూడదు. ఒకసారి వాగులో ఒక రబ్బరు చెప్పు కొట్టుకొచ్చింది. కుందేలు ముందు ముట్టి, "ఇది తలగడ" అంది. అప్పటి నుంచి ఆ అడవిలో చెప్పు అంటే తలగడే.

శివరాత్రి దాటిన వారంలో, కొండ మలుపులో ఒక లారీ బోల్తా పడింది. దాని నిండా విస్కీ సీసాలు. డ్రైవరుకు దెబ్బ తగల్లేదు. రోడ్డు మీద పడినవాటిని మనుషులు ఏరుకుపోయారు. లోయలోకి దొర్లిన పెట్టెలను వదిలేశారు. వాటిలో పగలని సీసాలు డెబ్బై ఎనిమిది.

జంతువులన్నీ చుట్టూ చేరాయి. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"ఏమిటివి?" అంది ముసలి దుప్పి. ఆ అడవికి పెద్ద అదే.

"లారీ పెట్టిన గుడ్లు," అంది కాకి. "నేను కళ్లారా చూశాను. పక్కకు ఒరిగి పడుకుని మరీ పెట్టింది."

"గుడ్డు లోపల నీళ్లు కదులుతాయా?" అంది కుందేలు.

"మురిగిపోతే కదులుతాయి. నీకు గుడ్ల సంగతి ఏం తెలుసు?"

ఇంతలో జంబయ్య ముందుకు వచ్చి ఒక సీసా మెడ పట్టుకున్నాడు. సరిగ్గా అదే క్షణంలో ముళ్లయ్య అదే సీసా అడుగుకు ముక్కు ఆనించాడు. జంబయ్య పళ్లతో మూత పీకి గుటగుటా తాగాడు. ముళ్లయ్య కింద నుంచి ఎండలో ఆ రంగు చూసి నోరు తెరిచాడు.

"ఇది తాగేది!" అని జంబయ్య అరిచాడు.

"ఇది దాచేది!" అని ముళ్లయ్య అరిచాడు.

ఒక వస్తువును ఇద్దరు ఒకేసారి ముట్టుకోవడం అంతకు ముందెన్నడూ జరగలేదు.

"ముందు ముట్టింది ఎవరు?" అని దుప్పి అడిగింది.

"నేనే!" అన్నాడు జంబయ్య.

"నేనే!" అన్నాడు ముళ్లయ్య.

దుప్పి చాలాసేపు నెమరు వేసింది. చివరకు, "అయితే రెండూ నిజమే. సగం తాగేవి, సగం దాచేవి. పంచుకోండి," అంది. ఒకే రకం సీసాలు సగం అలా, సగం ఇలా ఎందుకవుతాయో ఎవరికీ తెలియలేదు. తెలియలేదని అడగడానికి కట్టుబాటు ఒప్పుకోదు. తాగేవి ముప్పై తొమ్మిది, దాచేవి ముప్పై తొమ్మిది అని పంచుకున్నారు.

అప్పుడు వెనుక నుంచి పొలుసమ్మ అడిగింది. "తాతా, తాగేశాక మిగిలే ఖాళీ సీసా ఏది? తాగేదా, దాచేదా?"

దుప్పి తికమక పడింది. "తాగడానికి అందులో ఏమీ లేదు. దాచడానికీ ఏమీ లేదు. దానికి మన దగ్గర మాట లేదమ్మా. కావాలంటే తీసుకుపో," అంది.

ఆ రోజు నుంచి అడవి రెండు ముక్కలైంది. కొందరు తాగుడువాళ్లు. కొందరు దాపుడువాళ్లు.

తాగుడువాళ్లకు జంబయ్య పెద్ద. ఆయన పొద్దున్నే ఒక సీసా ఎత్తేవాడు. మధ్యాహ్నానికి పుట్టకు దండం పెట్టి, "అత్తగారూ, ఎప్పుడొచ్చారు?" అని పలకరించేవాడు. సాయంత్రానికి తన నీడతోనే తగువు పడేవాడు. ఇప్పపూలు రాలి ఎండిపోయాయి, ఆయన ఏరుకోలేదు. తేనెపట్లు నిండాయి, ఆయన చెట్టెక్కలేదు. ఎక్కబోయి మూడుసార్లు పడ్డాడు.

దాపుడువాళ్లకు ముళ్లయ్య పెద్ద. ఆయన తన గుహలో ఒక రాతి గట్టు మీద సీసాలన్నీ వరుసగా నిలబెట్టాడు. రోజూ తోకతో తుడిచేవాడు. చూడటానికి వచ్చినవాళ్లు గడప దగ్గర కాళ్లు దులుపుకోవాలి, లోపల దగ్గకూడదు.

"ఇది దుప్పి కన్ను రంగు. ఇది కొత్త తేనె రంగు. ఆ చివరిది వాన వెలిసాక పొద్దు రంగు. ఏయ్, దూరం దూరం!" అనేవాడు.

"ఎందుకు బావా ఇవన్నీ?" అని ఒక కుందేలు అడిగింది.

"ఎందుకేమిటి? ఉన్నాయి. నీ దగ్గర ఉన్నాయా?"

"లేవు."

"మరి!"

కుందేలు తనే ఏదో తప్పు చేసినట్టు తల వంచుకుని వెళ్లిపోయింది. ముళ్లయ్య మాత్రం సీసాలను వదిలి దుంపలు తవ్వుకోవడానికి పోలేక, రోజురోజుకూ చిక్కిపోయాడు.

పొలుసమ్మ ఏ పక్షంలోనూ చేరలేదు. జంబయ్య విసిరేసిన ఖాళీ సీసాలు ఏరుకునేది.

"ఏం పొలుసమ్మా, నా ఎంగిలి సీసాలు నాకడానికి వచ్చావా?" అని జంబయ్య నవ్వాడు.

"నాకు చుక్క కూడా వద్దు అన్నా. మెడలు విరగకుండా పారెయ్యి, అదే పదివేలు," అంది పొలుసమ్మ.

ఆమె సీసా దొర్లించుకుంటూ పోతుంటే ముళ్లయ్య చూశాడు. "ఖాళీ సీసాలా చెల్లెమ్మా! పెళ్లికొడుకు లేని పల్లకీ మోస్తున్నావే!"

"పల్లకీ గట్టిదైతే పెళ్లికొడుకు దొరక్కపోడులే బావా," అంది ఆమె.

జంబయ్య విసురుడుకు ఎనిమిది సీసాలు పగిలాయి. ముప్పై ఒకటి దక్కాయి. పొలుసమ్మ వాటిని వాగు దగ్గరకు తీసుకుపోయింది. వాగులో అప్పటికే నీరు లేదు. ఇసుకలో చెలమ తవ్వితే ఊరుతుంది, అంతే. ఆమె ఒక్కో సీసాలో ఇసుక వేసి, ఊపి, వాసన పోయేదాకా కడిగింది. చెలమ నీళ్లు నింపింది. పుట్టమన్ను తడిపి మూతి బిగించింది. తన బొరియలో, చల్లటి మట్టిలో, మెడదాకా పాతిపెట్టింది.

ఎందుకంటే, పోయిన వేసవిలో ఆ చెలమ పన్నెండు రోజులు ఎండిపోయింది. ఆమె మొదటి బిడ్డ గొంతు తడవక చనిపోయింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

రోహిణి కార్తె వచ్చింది. రాళ్లు పగిలే ఎండ. చెలమ ఎండిపోయింది. దుప్పి పిల్లలు నాలుకలు వేలాడేశాయి. కుందేళ్లు రాళ్ల చల్లదనాన్ని నాకాయి.

ముళ్లయ్య పిల్లలు ఏడుపు మొదలుపెట్టాయి. "ఇన్ని సీసాలున్నాయి కదా నాన్నా, ఒకటి తీసి ఇవ్వు!"

ముళ్లయ్య గట్టు ముందు నిలబడ్డాడు. ఇది మొదటిది, ఇది ఎలా ఇస్తాం? ఇది చివరిది, ఇది పోతే వరుస చెడుతుంది. నడిమిది తీస్తే సందు కనబడుతుంది. ఇలా ఆలోచిస్తూ ఉండగానే మధ్యాహ్నమైంది. ఆఖరికి కళ్లు మూసుకుని ఒకటి తీశాడు. పిల్లలు తలా ఒక గుక్క తాగి కెవ్వుమన్నాయి. గొంతులు మండాయి. దాహం రెండింతలైంది. రెండు పిల్లలు గిరగిరా తిరిగి పడిపోయాయి.

ముళ్లయ్యకు బుర్ర తిరిగింది. "దాచేదాన్ని తాగించాను, అందుకే ఇలా అయింది," అనుకున్నాడు. కాసేపాగి, "ఇంకొన్నాళ్లు దాచి ఉంటే నీళ్లయ్యేదేమో," అనుకున్నాడు. ఏది నిజమో తేల్చుకోలేకపోయాడు.

ఆ వాసనకు జంబయ్య తూలుకుంటూ వచ్చాడు. ఆయన సీసాలు ఎప్పుడో అయిపోయాయి.

"బావా, ఒక్కటి. ఒకే ఒక్కటి."

"దాచేవి తాగకూడదు. కట్టుబాటు!"

"మరి నీ పిల్లలు తాగాయి కదా?"

"అవి పిల్లలు. వాటికి తెలియదు."

"నాకూ ఏమీ తెలియదు. ఇయ్యి బావా!"

జంబయ్య చెయ్యి చాపాడు. ముళ్లయ్య ముళ్లు నిగిడించి, తమ కులం వాళ్లు చేసే పద్ధతిలో, వెనక్కి తిరిగి వెనక్కే దూకాడు. ముళ్లపంది వెనక్కి దూకేటప్పుడు వెనుక ఏముందో చూసుకోదు. వెనుక రాతి గట్టు ఉంది.

ఒకటే చప్పుడు. ముప్పై ఎనిమిది సీసాలూ నేల మీదికి వచ్చాయి.

జంబయ్య గబుక్కున వంగి నేల నాకాడు. గాజు పెంకులకు నాలుక తెగింది. ముళ్లయ్య పెంకుల మధ్య కూర్చుని, ఏ ముక్క ఏ సీసాదో వెతకడం మొదలుపెట్టాడు. దాచినవాడికీ మిగల్లేదు, తాగినవాడికీ మిగల్లేదు. ఇద్దరికీ దాహం మాత్రం మిగిలింది.

అప్పుడు కాకి వచ్చి చెప్పింది. "వింత విన్నారా! పొలుసమ్మ బిడ్డ మూతి తడిగా ఉంది!"

అడవి అంతా పొలుసమ్మ బొరియకు పరుగెత్తింది. పొలుసమ్మ బిడ్డను పొట్ట కింద పెట్టుకుని, చుట్ట చుట్టుకుని, వాకిట్లో అడ్డంగా పడుకుంది. ఆమెను కదపడం ఎవరి తరమూ కాలేదు.

"అమ్మా, నా పిల్లలు..." అన్నాడు ముళ్లయ్య. మోసుకొచ్చిన పిల్లలను వాకిట్లో పడుకోబెట్టాడు.

పొలుసమ్మ చుట్టలోంచి ఒక కన్ను తెరిచింది. లోపల ముప్పై ఒక్క సీసాలున్నాయి. తన బిడ్డ ఒక్కదానికైతే వాన దాకా చాలుతాయి. అందరికీ పోస్తే వారం కూడా రావు. పోయిన బిడ్డ గుర్తుకు వచ్చింది. వాకిట్లో పడి ఉన్న ముళ్లపంది పిల్లలు కనబడ్డాయి. ఆమె మెల్లగా చుట్ట విప్పింది.

"ముందు పిల్లలు. తర్వాత పాలిచ్చే తల్లులు. మిగతా పెద్దలు నాలుక తడుపుకోండి, అంతే," అంది. "జంబయ్యన్నా, నీ గోళ్లు మూతలు పీకడానికేనా? చెలమ లోతు చెయ్యాలి. నీళ్లు అయిపోయేలోగా నీళ్లు పడాలి. లేకపోతే నా బిడ్డతో సహా అందరం పోతాం."

జంబయ్య వెళ్లి తవ్వాడు. కళ్లు తిరిగాయి, అయినా తవ్వాడు. ముళ్లయ్య ఇసుక వెనక్కి తోశాడు. ఐదు రోజులు తవ్వారు. ఆరో రోజు, ఎలుగుబంటి నిలువు లోతులో, ఇసుక తడిగా తగిలింది. అప్పటికి పొలుసమ్మ దగ్గర రెండే సీసాలు మిగిలాయి.

ఊట మీద ఊట వచ్చింది. అందరూ కడుపునిండా తాగారు. తాగగానే ఏం చేశారో తెలుసా? తగువు పెట్టుకున్నారు.

"పొలుసమ్మ సీసాలు దాచింది. కనుక ఇది దాచేదే. నా మాటే గెలిచింది!" అన్నాడు ముళ్లయ్య, ఖాళీ అయిన ఒక సీసా పట్టుకుని.

"దాచింది తాగడానికే కదా! నా మాట గెలిచింది!" అని జంబయ్య నాలుక మడతపడుతుండగా అన్నాడు.

ముసలి దుప్పికి మళ్లీ తికమక పట్టుకుంది. "ఖాళీ సీసాను ముందు ముట్టింది పొలుసమ్మ. ఆమెనే చెప్పనివ్వండి. చెప్పమ్మా, ఇది తాగేదా, దాచేదా?"

పొలుసమ్మ బిడ్డను తోక మీదికి ఎక్కించుకుంది.

"ముందు ఆ సీసా ఇటు ఇవ్వండి," అంది. "నింపాలి."

జంబయ్య తర్వాత మళ్లీ మూత పీకలేదు. ముళ్లయ్య సీసాలు పోయినా ఆ చప్పుడు ఆయన్ను వదల్లేదు. అందుకే ఇప్పటికీ ముళ్లపంది నడిస్తే ముళ్లు గలగలమంటాయి. పొలుసమ్మ బిడ్డ పెద్దదై, దానికీ తోక మీద ఒక బిడ్డ ఎక్కింది.

నీతి: వస్తువు గొప్ప దాచుకోవడంలోనూ లేదు, తాగి పారేయడంలోనూ లేదు. కరువు రోజున ఎవరి గొంతు తడిపిందో అదే దాని గొప్ప.

ఇంకొక్క మాట. మా ఊరి బడి గోడ మీద ఈ కథను బొమ్మలతో రాశారు. రాయించింది మా తోడల్లుడు కామేశం. అందులో సీసాలు ఏరింది కోతి అని ఉంది. సింగారమ్మ కథలో కోతే లేదు. కోతి పుట్టమన్ను తవ్వుతుందా? కోతి చేతికి దొరికిన సీసా మిగులుతుందా? పదకొండేళ్లుగా చెబుతున్నాను, కామేశం వినడు. బడి పంతులుగారైనా వినాలి. అయ్యా, ఆ కోతిని సున్నం కొట్టి చెరిపించి, అక్కడ అలుగును గీయించండి. తోక మీద బిడ్డను మరిచిపోకండి.