గోడ పీల్చిన ఊపిరి

ఎవరైనా ఏదైనా అడిగితే కోటిలింగం మాస్టారు ముందు ఊపిరి వదిలేవారు. నిట్టూర్పు కాదు. లోపలున్నదంతా నెమ్మదిగా, చివరిదాకా. ఆ తరవాతే మాట. ఈలోగా అడిగినవాళ్ళకి తమ ప్రశ్న మీద తమకే అనుమానం వచ్చేది. ఆయన ఛాతీ జబ్బుల ఆస్పత్రిలో ఫిజియోథెరపీ నేర్పేవారు, సాయంత్రం పాఠం వరండాలో జరిగేది. నేను ఆయన శిష్యుణ్ణని చాలామంది అనుకుంటారు, నేనూ వాళ్ళని ఎప్పుడూ దిద్దలేదు. నిజానికి ఆక్సిజన్ సిలిండర్లు దొర్లించే ఉద్యోగం నాది. ఆ వరండాలో ఫ్యాను బాగా తిరుగుతుందని వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఫ్యాను కింద అబ్బిన చదువు గనక, ఇందులో వైద్యం ఎక్కడైనా తప్పితే ఆ తప్పు నాది, కథ బాగుంటే ఆ గొప్ప ఆయనది.

ఒకరోజు రజియా అనే అమ్మాయి అడిగింది. మాలో తెలివైనది ఆమే. ‘మాలో’ అనేశాను, చూశారా!

“మాస్టారూ, పల్మనరీ హైపర్‌టెన్షన్‌లో గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్ళే రక్తనాళాలు బిగుసుకుపోతాయి, వాటిలో ఒత్తిడి పెరుగుతుంది. అంటే రోగం నాళాల్లో ఉంది. మనమేమో ఊపిరి తీసే కండరాలకి కసరత్తు చెప్తున్నాం. దొంగ ఒక వీధిలో ఉంటే మనం ఇంకో వీధిలో గస్తీ తిరుగుతున్నట్టు లేదూ?”

మాస్టారు ఊపిరి వదిలారు. నాళాల గురించి గాని, కండరాల గురించి గాని ఏమీ అనలేదు. బందరు కాశీరత్నం సంగతి ఎత్తుకున్నారు.

కాశీరత్నం రోల్డుగోల్డు గొలుసులకి పూసలు గుచ్చేది. ఆమెకి ఈ జబ్బే. పని చేసే కార్ఖానా వాళ్ళ వీధి చివరే, అయినా ఒక్క దమ్మున వెళ్ళలేకపోయేది. దారిలో ఉన్న ప్రతి అరుగు మీదా కూర్చునేది. కూర్చున్నచోటల్లా ఎవరో ఒకరు మంచినీళ్ళు తెచ్చి, ఆమె నల్లబడ్డ పెదాల వంక జాలిగా చూసేవారు. ఆస్పత్రికి వచ్చినప్పుడు మాస్టారితో ఆమె అన్న మాట ఇది: “జబ్బు పోగొట్టమని అడగనండీ. మందులు బతికినన్నాళ్ళూ వాడాలని డాక్టరుగారు చెప్పేశారు. నన్ను ఆ అరుగులు దాటించండి, చాలు.”

డాక్టరు సరేనన్నాక, మందులకి తోడుగా మాస్టారు ఆమెకి ఒక గొట్టం ఇచ్చారు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ గొట్టం. లోపల స్ప్రింగుతో బిగించిన చిన్న మూత ఉంటుంది, గట్టిగా పీలిస్తేనే అది తెరుచుకుంటుంది. ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, రోజూ దీపాల వేళ దాంతో ఊపిరి పీల్చాలి. పీల్చినప్పుడు సన్నగా, బుస కొట్టినట్టు చప్పుడవుతుంది. వదిలేటప్పుడు అడ్డమేమీ ఉండదు గనక చప్పుడూ ఉండదు. ఈ చివరి ముక్క అప్పట్లో ఎవరికీ పట్టలేదు, మాస్టారికి కూడా.

ఆమె ఉండేది తాతారావు గారింట్లో. ఆయన రిటైరైన ఒంటరి మనిషి. ఒక వాటా తనకుంచుకుని రెండోది ఆమెకి అద్దెకిచ్చాడు. మధ్యలో ఒకటే గోడ. ఒక సాయంత్రం ఆయన దీపం పెట్టి వెనక్కి తిరిగేసరికి గోడ ఊపిరి పీల్చింది. ఆయన ఆగి విన్నాడు. పీల్చింది గదా, వదలాలి. వదల్లేదు. మళ్ళీ పీల్చింది. మళ్ళీ వదల్లేదు. ఎంతసేపు విన్నా లోపలికే గాని బయటికి లేదు. మర్నాడూ అంతే. మనిషన్నవాడు పీల్చినది వదులుతాడు, వదలనిది మనిషెలా అవుతుందని ఆయన తీర్మానించుకున్నాడు.

ఆనాటి నుంచి దీపాల వేళయ్యేసరికి తాతారావుకి గుండెలు పట్టేసేవి. కళ్ళు చీకట్లు కమ్మేవి. గోడ ఊరుకుంటే తెరిపిన పడేవాడు. అంతకంటే భయపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. వీధిలో కాశీరత్నం అరుగులు ఒక్కొక్కటే వదిలేస్తోంది. నీళ్ళు పట్టుకొచ్చినవాళ్ళకి నవ్వి దణ్ణం పెట్టి సాగిపోతోంది. తాతారావేమో కూరలకని బయలుదేరి, ఆవిడ వదిలేసిన అరుగుల మీద కూర్చుంటున్నాడు. ఆయనకి లెక్క తేలిపోయింది. తనలోంచి పోతున్నది ఎక్కడ జమ అవుతోందో వీధి వీధంతా చూస్తూనే ఉంది.

ఒక మసక వేళ ఎదురింటి మంగతాయిని తోడు తీసుకుని వెళ్ళి తలుపు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. లోపల లైటు లేదు. ముక్కు నొక్కేసిన మొహం, నోట్లోంచి పొడుచుకొచ్చిన గొట్టం. మధ్యలో ఆపకూడదు గాబోలని, ఆ మనిషి వాళ్ళ ఎదుటే నిలబడి ఇంకో ఊపిరి పీల్చింది. మంగతాయి ఒక చెప్పు అక్కడే వదిలేసి పరుగెత్తింది. తాతారావు గడప పట్టుకున్నాడు.

“నాది నాకిచ్చెయ్యి,” అన్నాడు.

ఆమె గొట్టం తీసి, “మీదేంటి బాబాయిగారూ నా దగ్గరుంది?” అంది.

“ఊపిరి. ఇంకేముంది నా దగ్గర?”

తెల్లారి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. వేరే ఇల్లంటే వేరే వీధి. మరో వీధి నుంచి కార్ఖానాకి నడిచే ఊపిరి ఆమెకి లేదు. పని పోతుంది, పని పోతే మందులూ పోతాయి. కబురందుకుని వెళ్ళిన మాస్టారితో ఆమె, “అడిగితే చెప్పేదాన్ని గదండీ. ఒక్కరూ అడగలేదు, అందరూ విన్నారు,” అంది.

మాస్టారు గొట్టం పట్టుకెళ్ళి తాతారావుకి చూపించారు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. “గొట్టమే అనుకోండి. అది ఎవరిది పీలుస్తోందో తమరికేం తెలుసు?” అన్నాడు. మాస్టారు గొట్టం ఆమెకి తిరిగిచ్చి వచ్చారు. సాయంత్రం దాకా అక్కడే ఉంటానన్నారు.

దీపాల వేళ ఇద్దరూ గోడ పక్కన కూర్చున్నారు. గోడ పీల్చింది. మాస్టారు గోడని చూడలేదు, తాతారావుని చూశారు. ఆయన ఛాతీ పైకి లేచి అక్కడే ఆగిపోయింది. రానున్న ఆ రెండో సగం కోసం చెవులు రిక్కించి, తన ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. గోడ మళ్ళీ పీల్చింది. ఆయన మొహం కమిలిపోతోంది.

“వదలండి,” అన్నారు మాస్టారు చెవిలో. తాతారావు వదిలాడు. “ఇక నుంచి అది పీల్చినప్పుడల్లా మీరు వదలండి.”

గోడ పీల్చింది, ఆయన వదిలాడు. గోడ పీల్చింది, ఆయన వదిలాడు. అవతల చప్పుడు ఆగేసరికి తాతారావు మొహం తేటపడింది. “ఆ అమ్మాయిని ఉండమనండి. కాకపోతే వేళ తప్పకూడదని చెప్పండి, నాకు తోచదు,” అన్నాడు.

కాశీరత్నం ఆ ఇంట్లోనే ఉంది. కొన్నేళ్ళపాటు ఏ అరుగు మీదా కూర్చోకుండా కార్ఖానాకి నడిచింది. జబ్బు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉండి తన పని తను చేసుకుంది. ఒక వానాకాలంలో ముదిరితే ఆమెని పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు. తిరిగి రాలేదు.

పలకరిద్దామని మాస్టారు బందరు వెళ్ళారు. ఆమె వాటాకి తాళం వేసి ఉంది. తాతారావు గోడ పక్కన పీట వేసి పక్కన కూర్చోమన్నాడు. బయట వాన వెలిసింది. పొద్దు వాలింది. తాళం వేసిన ఇంట్లోంచి, సన్నగా, బుస కొట్టినట్టు, గోడ ఊపిరి పీల్చింది.

తాతారావు నెమ్మదిగా, చివరిదాకా వదిలాడు. “ఇవాళ ఆలస్యమైంది,” అన్నాడు.

మాస్టారు అక్కడితో ఆపేశారు.

“లోపల ఎవరు మాస్టారూ?” అంది రజియా.

“ముందు మీరంతా ఊపిరి వదలండి.”

వదిలాం. కరెంటు ఎప్పుడు పోయిందో, ఫ్యాను ఎప్పుడు ఆగిందో నాకు తెలియనే లేదు. ఫ్యాను కోసమే వచ్చినవాడికి అంతకన్నా అవమానం ఏముంటుంది? ఆ నిశ్శబ్దంలో మాస్టారు చెప్పుల కోసం కాలితో తడుముకుంటూ లేచారు.

“తాతారావుకి ఊపిరి వదలడం నేర్పానంతే, నేను గోడ జోలికి పోలేదమ్మా,” అన్నారు.