పరాంకుశంగారి పరిశోధన

గోగులపాడు సంస్థానంలో పిల్లలకు ఇంగ్లీషు ఎలా నేర్పాలన్న విషయం మీద పరాంకుశంగారు ఏడాదిపాటు పరిశోధన చేసి, లావుపాటి గ్రంథం ఒకటి రాజుగారి ముందు పెట్టారు.

“ప్రభూ, తెలుగులో అర్థాలు చెప్పే కామయ్య పంతులు బడికి అనవసరం. నేనే ఇంగ్లీషులో పాఠం చెప్పి, అర్థం కానిదేమైనా ఉందా అని మూడు వందల మంది పిల్లల్ని ఇంగ్లీషులోనే అడిగాను. ఒక్కరూ ఉందనలేదు” అన్నారు.

రాజుగారు పంతుల్ని తీసెయ్యమని రాయబోయారు. బడిలో వంట చేసే కోయ మనిషి ముత్తక్క కూడా ఆ సభలో ఓ పక్కన నిలబడి ఉంది. ఆమె కూతురు చదివేది ఆ పంతులు దగ్గరే. గబగబా ముందుకొచ్చి, పరాంకుశంగారిని కోయ భాషలో ఏదో అడిగింది. ఆయన తెల్లమొహం వేశారు. మళ్లీ అడిగింది. ఆయన పలకలేదు.

ముత్తక్క రాజుగారికి దండం పెట్టింది. “దొరా, అయ్యగారి గుర్రబ్బండి నేను తీసుకుంటాను, అభ్యంతరముంటే చెప్పమని రెండుసార్లు అడిగాను. ఏమీ అనలేదు. తోలుకుపోతాను.”

“అన్యాయం! ఆ భాష రానివాణ్ణి, వద్దని ఎలా చెబుతాను?” అని అరిచారు పరాంకుశంగారు.

“పిల్లలూ అలాగే ఊరుకున్నారయ్యా” అంది ముత్తక్క.

రాజుగారు కలం కింద పెట్టి, “అదే ప్రశ్న తెలుగులో అడిగి రండి” అన్నారు.

మర్నాడు అడిగారు. పిల్లలు చెప్పినవన్నీ రాసుకోవడానికి పరాంకుశంగారికి ఇంకో ఏడాది పట్టింది.